పంటలో చెయ్యి

"ఉండవే, నేను పెడతాగా" అంటూ సూర్యకళ కూతురి చొక్కా బొత్తాలు తనే పెట్టేసింది. అప్పటికి పావని రెండో బొత్తాం దగ్గర ఉంది. నాలిక కొస పళ్ళ మధ్య బిగబట్టి, బొత్తాన్ని కాజాలోకి దూర్చాలని చూస్తోంది. బొత్తాం అటు పోతుంది, వేళ్ళు ఇటు పోతాయి. కాలవ గట్టు మీద స్కూలు బస్సు హారన్ వినిపిస్తోంది. పొయ్యి మీద అట్టు మాడుతోంది. గదిలోంచి గణేష్‌బాబు "సూర్యా, నా ఛార్జరెక్కడ పెట్టావ్?" అంటున్నాడు. వసారాలోంచి అత్తగారు బుల్లెమ్మ "అమ్మాయ్, మాత్రేసుకోవాలి, గ్లాసుడు నీళ్ళియ్యి" అంటోంది. ఇన్నిటి మధ్య ఏడేళ్ళ పిల్ల బొత్తాం పెట్టుకునేదాకా ఆగే ఓపిక ఏ మహాతల్లికైనా ఉంటే ఆవిడకి దణ్ణం పెట్టాల్సిందే. సూర్యకళకి లేదు. బొత్తాలు పెట్టింది, అట్టు ముక్కలు చేసి పిల్ల నోట్లో కుక్కింది, బూట్ల లేసులు కట్టింది, సంచీ భుజానికి తగిలించింది. నాలుగు నిమిషాల్లో పావని పనులన్నీ పావని చెయ్యి పడకుండా అయిపోయాయి.

బస్సు కదిలాక కిటికీలోంచి పావని చెయ్యి ఊపింది. ఆ ఊపడం కూడా ఒక క్షణం ఆలస్యమే. సూర్యకళ అప్పటికే వెనక్కి తిరిగింది.

పావనికి తెలివికి లోటు లేదు. ఎక్కాలు అప్పజెబుతుంది, తెలుగూ ఇంగ్లీషూ చదువుతుంది. చేతులూ కాళ్ళే చెప్పిన మాట వినవు. గ్లాసు పట్టుకుంటే ఒలుకుతుంది. పెన్సిలు గట్టిగా నొక్కి పట్టి అక్షరాన్ని గీతల బయటికి తోలేస్తుంది. ముద్ద కలిపితే సగం కంచం చుట్టూ ఉంటుంది. బంతి విసిరితే అది మొహానికి తగిలాక చేతులు చాపుతుంది. "ఆడపిల్లకి చేతుల్లో పని లేకపోతే రేపు ఎలాగే" అంటుంది బుల్లెమ్మ. అంటూనే ముద్దలు కలిపి మనవరాలి నోట్లో పెడుతుంది. ప్రేమ లేక కాదు పాపం, ఆవిడ ప్రేమంతా ఆ ముద్దల్లోనే ఉంది. గణేష్‌బాబు మాత్రం, చుట్టాలెవరైనా వచ్చినప్పుడు, నవ్వుతూనే ఓ మాట వేస్తాడు. "ఊళ్ళో పిల్లలందరికీ టిక్కులు పెట్టేది మా ఆవిడేనండి. ఇంట్లో ఒక్కత్తెకి అన్నం తినడం నేర్పలేకపోయింది." వచ్చినవాళ్ళు నవ్వుతారు. సూర్యకళ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళుతుంది.

ఆ టిక్కుల మాట నిజమే. సూర్యకళ చర్చి వీధిలో అంగన్‌వాడీ టీచరు. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు పద్దెనిమిది మంది. ఒక్కొక్కరికి ఒక కార్డు. ఒంటి కాలి మీద నిలబడుతుంది. దారానికి పూసలు గుచ్చుతుంది. తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. బాధ కలిగితే నోటితో చెబుతుంది. ఇలా ప్రతి పని పక్కనా చిన్న గడి, ఆ గడి పైన "సహాయం లేకుండా" అని అచ్చేసి ఉంటుంది. ఆరేళ్ళుగా ఆ గడులు నింపుతోంది. ఒకసారి నింపుతూ నింపుతూ మొగుడికి ఒక కార్డు రాస్తే ఎలా ఉంటుందా అనిపించింది. తన ఛార్జరు తను వెతుక్కుంటాడు. తిన్న కంచం తీస్తాడు. కోపం వస్తే కారణం చెబుతాడు. సహాయం లేకుండా. తనలో తనే నవ్వుకుంటుంటే ఆయా వీరమ్మ చూసి "ఏంటండి టీచరుగారు, నవ్వుతున్నారు?" అంది. "ఏం లేదు వీరమ్మా, ఒకాయనకి ఒక్క టిక్కూ పడలేదు" అంది సూర్యకళ. ఆయనెవరో వీరమ్మ అడగలేదు. ఆవిడకీ ఒకాయన ఉండేవాడు.

కిందటి వేసవిలో జరిగిన పని ఒకటి సూర్యకళని ఈమధ్య మెడ మీద కూర్చుని పీడిస్తోంది. సెంటరు ముందు నాలుగు పెద్ద బండలున్నాయి, ఎప్పుడో డ్రైనేజీ మీద కప్పడానికి తెచ్చి వదిలేసినవి. సాయంత్రమైతే పిల్లలు అక్కడ చేరి నేలాబండా ఆడతారు. దొంగ "నేల" అన్నాడంటే మిగతా అందరూ బండలెక్కాలి. నేల మీదికి దిగి కవ్వించినవాళ్ళని దొంగ ముట్టుకోవాలి, దొరికినవాళ్ళు తర్వాతి దొంగ. పావని ఆ ఆటలో బండ మీదికి గెంతబోయి గడ్డం చీరుకుంది. మూడు కుట్లు పడ్డాయి. "పిల్లని వీధిలో వదిలేసి ఊరి పిల్లలకి గుడ్లు పంచుతావమ్మా నువ్వు" అంది బుల్లెమ్మ. గణేష్‌బాబు రెండు రోజులు మాట్లాడ్డం మానేశాడు.

కుట్లు విప్పాక సూర్యకళే వెళ్ళి వీరమ్మ మనవరాలు తబితతో చెప్పింది. తబితకి పదేళ్ళు, ఆ వీధి ఆటలన్నిటికీ పెద్ద. "అమ్మా తబితా, మా పావనిని అరటిపండు చేసుకోండే" అంది. "ఆయ్, అలాగేనండి" అంది తబిత.

అరటిపండు అంటే తెలియనిదెవరికి? ఆడలేని చిన్నపిల్లల్ని ఏడిపించకుండా ఆటలో ఉంచుకునే పద్ధతి. అరటిపండు పరిగెత్తవచ్చు, గెంతవచ్చు, కేకలు వేయవచ్చు. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకున్నా లెక్కలేదు. దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకునేటప్పుడు, అందరూ అరచేతులు ఒకచోట చేర్చి ఒక్కసారిగా బోర్లాగానో వెల్లకిలాగానో తిప్పుతారే, ఆ చేతుల్లో అరటిపండు చెయ్యి ఉండదు. అది పక్కన నిలబడి చూస్తుంది. సూర్యకళకి ఆ రోజు ఎంతో నిశ్చింతగా అనిపించింది. పిల్ల ఆటలోనూ ఉంది, దెబ్బా తగలదు. పావని కూడా మొదట్లో సంబరపడింది. "నాన్నా, నన్ను అరటిపండు చేశారు" అని చెబితే "మన తోట నిండా అవే, ఇంట్లోనూ ఒకటి కాసిందన్నమాట" అన్నాడు గణేష్‌బాబు. లంకలో రెండెకరాల అరటితోట అతనిది.

తర్వాత పావని ఆటకి వెళ్ళడం తగ్గించింది. బుధవారం, శనివారం పొద్దున్నే కడుపునొప్పి అనేది. సూర్యకళ వాము నీళ్ళు పట్టించింది, అత్తగారు దిష్టి తీసింది. ఆ రెండు రోజులూ స్కూల్లో ఆటల పీరియడ్ ఉంటుందని కనిపెట్టడానికి సూర్యకళకి రెండు నెలలు పట్టింది. ఫోన్ చేసి అడిగితే క్లాస్ టీచర్ "పావని చాలా మంచి పిల్లండి, ఎవరి జోలికీ పోదు. ఆటల టైములో గోడ పక్కన కూర్చుని మిగతా పిల్లల వాటర్ బాటిళ్ళు చూస్తూ ఉంటుంది" అంది మెచ్చుకుంటూ. తన కార్డుల్లో అయితే "బాధ కలిగితే నోటితో చెబుతుంది" అన్న గడి ఆ పిల్లకి ఖాళీగా ఉంటుందని సూర్యకళకి తెలుసు.

ఒక ఆదివారం జడ వేస్తుంటే పావని అడిగింది.

"అమ్మా, దొంగ అవ్వాలంటే ఏం చెయ్యాలి?"

"దొంగా? దొంగవ్వడం ఎందుకే, చక్కగా అరటిపండువి కదా, నిన్నెవరూ పట్టుకోరు."

"అందుకే" అంది పావని. "నన్ను ఎవరూ పట్టుకోరు. నేను ఇంటికొచ్చేసినా ఆట ఆగదు. మొన్న నేను సగంలో వచ్చేశాను కదా, ఎవరికీ తెలీలేదు. ఒక్కసారి దొంగ అవ్వాలని ఉందమ్మా" అంది. ఏడవలేదు. అన్నం పెట్టమన్నంత మామూలుగా చెప్పింది. సూర్యకళ చేతిలో జడపాయ జారిపోయింది. దాన్ని అరటిపండు చేయించింది తనేనని కూతురికి చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి వారం సెలవు పెట్టి పావనిని రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. పిల్లల విభాగంలో ఒకమ్మాయి గంటసేపు పావనితో పూసలు గుచ్చించింది, బంతి వేయించింది, గీత మీద నడిపించింది. తర్వాత సూర్యకళతో చెప్పింది. "నరాల్లో, ఎముకల్లో లోపం ఏమీ లేదండి. కొందరు పిల్లలకి చెయ్యీ కాలూ కుదురుకోవడం ఆలస్యమవుతుంది. నెలకోసారి తీసుకురండి, వ్యాయామాలు చెబుతాను. అసలు మందు మాత్రం ఇంట్లోనే ఉంది. తన పనులు తనని చేసుకోనివ్వండి, ఎంతసేపు పట్టినా సరే. రోజూ తోటి పిల్లలతో ఆడనివ్వండి. పడాలి, ఓడిపోవాలి, మళ్ళీ వెళ్ళాలి. మీరు అన్నీ చేసి పెడితే తన వల్ల కాదని తనే అనుకుంటుంది."

బస్సులో తిరిగి వస్తూ సూర్యకళ లెక్క వేసుకుంది. పావని చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకోవడానికి, తన అట్టు తను తినడానికి, లేసులు కట్టుకోవడానికి పొద్దున ఇరవై నిమిషాలు ఎక్కువ కావాలి. ఆ ఇరవై నిమిషాలూ పక్కన ఒకరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. చేతులు కట్టుకుని కూర్చోవడమే అసలు పని. ఆ ఇంట్లో పొద్దున పూట చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు ఇద్దరున్నారు, కానీ వాళ్ళు కూర్చునేది సూర్యకళ అందిస్తే అందుకోవడానికి. ఐదింటికి లేచి వాకిలి ఊడవడం దగ్గర్నుంచి తొమ్మిదింటికి సెంటరు తాళం తీసేదాకా ఆమెకి చెయ్యి ఖాళీ ఉండదు. కూతురి చేతులు కుదురుకోకపోవడానికీ తన చేతులు ఖాళీ లేకపోవడానికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఆమెకి ఇన్నాళ్ళూ తట్టలేదు.

ఇంట్లో అందరికీ విడమరిచి చెప్పింది. అందరూ విన్నారు కూడా. ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తింటున్నప్పుడు, గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు.

"సూర్యా, నేనూ అమ్మా అక్కా ఫోన్లో మాట్లాడుకున్నాం. నువ్వా ఉద్యోగం మానెయ్యి. డాక్టరమ్మే చెప్పిందంటున్నావుగా, పిల్లకి టైమ్ ఇవ్వాలని. రేపు సోమవారం సూపర్‌వైజర్‌గారికి కాయితం ఇచ్చెయ్. అందరం అదే అనుకున్నాం."

"నీ మంచికేనమ్మాయ్" అంది బుల్లెమ్మ. "ఎన్ని చోట్లని పరిగెడతావు? కాస్త పప్పు వెయ్యి."

సూర్యకళ పప్పు వేసింది. "అనుకున్నాం" అన్న మాట చెవిలో ఉండిపోయింది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. ఆ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. వంటగది పడమటి వైపుకి మార్చినప్పుడు అలాగే అనుకున్నారు, అందుకే అందులో కిటికీ లేదు. వండేది తను, చెమట తనది, అనుకున్నది వాళ్ళు. పావనిని బస్సెక్కించి ఇంగ్లీషు స్కూలుకి పంపాలని అనుకున్నారు. రెండో కడుపు వచ్చినప్పుడు, తోటలో గాలివానకి చెట్లన్నీ పడిపోయి ఉన్నాయి కాబట్టి ఇప్పుడొద్దని అనుకున్నారు. ఆసుపత్రికి బయలుదేరే రోజు పొద్దున చెప్పారు. ఎవరూ అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. "నీకెందుకు ఆ తలనొప్పులన్నీ, మేం చూసుకుంటాంగా" అని ఎంతో మంచిగా చెప్పారు. ఊళ్ళో అందరూ అదృష్టవంతురాలివంటారు. ఆమె పరిగెడుతుంది, గెంతుతుంది, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ ఇంటి ఆటంతా ఆడుతుంది. పంటలు వేసేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి అక్కడ ఉండదు.

ఆ మధ్యాహ్నం అంట్లు తోముతూ సూర్యకళ ఏడ్చింది. పావని కోసం కొంత, తన కోసం కొంత, ఆ పుట్టని పిల్ల కోసం కొంత. తర్వాత మొహం కడుక్కుంది.

సోమవారం సూపర్‌వైజర్‌గారు సెంటరుకి వచ్చారు, రిజిస్టర్లు చూశారు, వెళ్ళారు. సూర్యకళ ఆవిడకి ఏ కాయితమూ ఇవ్వలేదు. సాయంత్రం నాలుగున్నరకి బస్సు దిగిన పావనిని ఇంటికి తీసుకెళ్ళకుండా చెయ్యి పట్టుకుని బండల దగ్గరికి తీసుకెళ్ళింది.

పిల్లలు ఎనిమిది మంది ఉన్నారు. "తబితా, మేమిద్దరం ఆటకొచ్చాం" అంది.

తబిత ఆలోచించింది. "మీరు పెద్దోరు కదండీ టీచరుగారు, మాతో పాటు గెంతలేరు. మీరు కూడా అరటిపండండి" అంది మర్యాదగా. పిల్లలంతా పకపకా నవ్వారు. సెంటరు గడప మీద కూర్చున్న వీరమ్మ కూడా నవ్వింది. సూర్యకళకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు నడుముకి బిగించింది.

"ఇవాళ అరటిపళ్ళు లేవమ్మా. పావనిని అలా చెయ్యమని నేనే చెప్పాను, నాదే పొరపాటు. పంటలు వెయ్యండి, మా చేతులు కూడా వేసుకుని."

ఆ మాట విని పావని తల్లి వైపు చూసింది. తర్వాత తన చెయ్యి తీసుకెళ్ళి ఆ చేతుల మధ్య పెట్టింది.

అందరూ చేతులు తిప్పారు. అందరివీ తిరిగాక పావనిది తిరిగింది. "తొండి! తొండి!" అని అరిచారు. మళ్ళీ వేశారు. మళ్ళీ ఆలస్యం. మూడోసారి తబిత "ఆగండర్రా, మెల్లగా ఏద్దాం. ఒకటీ, రెండూ, మూడూ" అని లెక్కపెట్టింది. మూడు అనగానే పావని చెయ్యి అందరితో పాటు తిరిగింది. వేరేగా చెయ్యి పడ్డవాళ్ళు ఒక్కొక్కరే పంటై పక్కకి తప్పుకున్నారు. చివరికి పావని మిగిలింది.

"పావని దొంగ!"

దొంగ అనిపించుకుని అంత సంతోషించిన మనిషిని సూర్యకళ జన్మలో చూడలేదు.

తర్వాత అరగంట చూడ్డం చాలా కష్టమైంది. పావని "నేల" అంది. అందరూ బండలెక్కారు, దిగి కవ్వించారు, ఆమె వెళ్ళేలోపు ఎక్కేశారు. పావని పరిగెత్తింది, పడింది. మోకాలు గీరుకుంది. సూర్యకళ బండ దిగబోయింది. గడప మీంచి వీరమ్మ "ఉండండి టీచరుగారు, మీరు దిగితే మళ్ళీ అరటిపండే అవుద్ది" అంది. సూర్యకళ ఆగిపోయింది. రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. పావని మోకాలు చూసుకుంది, చుట్టూ చూసింది, లేచింది.

అప్పుడే గణేష్‌బాబు బైకు వచ్చి ఆగింది. వీధి మధ్య బండ మీద కొంగు బిగించి నిలబడ్డ భార్యని చూసి, "ఏంటిది? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? అక్కొచ్చింది ఇంటికి, టీ పెట్టాలి, పద" అన్నాడు.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండి. నేను ఆటలో ఉన్నాను" అంది సూర్యకళ.

అతను బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరగ్గానే సూర్యకళ మనసు పాతదారికే పోయింది. పిల్ల పాపం అలసిపోయింది, ఒక్కరైనా దొరికితే బావుణ్ణు అనుకుని, బండ దిగి, ఎక్కడానికి కావాలనే ఆలస్యం చేసింది. పావని వచ్చి ముట్టుకుంది. పిల్లలు "టీచరుగారు దొంగ!" అని అరిచారు. పావని ఒప్పుకోలేదు.

"నువ్వు కావాలని దొరికావు. చెల్లదు" అంది. మొహం కందగడ్డలా ఉంది. "మళ్ళీ ఎక్కు."

సూర్యకళ మళ్ళీ ఎక్కింది. ఈసారి నిజంగానే గెంతింది.

చర్చిలో ఆరు గంటలు కొట్టేదాకా పావనికి ఎవరూ దొరకలేదు. పిల్లలు ఇళ్ళకి బయలుదేరారు. తబిత వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి "ఏయ్ పావనీ, రేపు కూడా నువ్వే దొంగ. గుర్తెట్టుకో. ఎగ్గొట్టావంటే ఊరుకోం" అని బెదిరించింది.

దారిపొడుగునా పావని కుంటుతూనే గెంతుతోంది. "నేను వెళ్ళకపోతే రేపు ఆట మొదలవదు, తెలుసా అమ్మా" అని నాలుగుసార్లు చెప్పింది.

ఇంట్లో ఆడపడుచు వసారాలో కుర్చీలో ఉంది, పక్కన బుల్లెమ్మ ఉంది. ఇద్దరి చేతుల్లోనూ టీ గ్లాసులు ఉన్నాయి. వంటింట్లో గట్టంతా పాలు పొంగి ఉన్నాయి. గణేష్‌బాబు చేతిలో గుడ్డ ఉంది, దాన్ని ఎలా పిండాలో తెలియనట్టు పట్టుకున్నాడు. సూర్యకళ గుడ్డ అందుకోలేదు. పావనిని పంపు దగ్గర కూర్చోబెట్టి "మోకాలు నువ్వే కడుక్కో" అంది. పావని చెంబు పట్టుకుంది, సగం నీళ్ళు బట్టల మీదే పోసుకుంది, మిగతా సగం మోకాలి మీద పడ్డాయి. సూర్యకళ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

గణేష్‌బాబు ఆ గుడ్డతోనే బయటికొచ్చాడు. "ఆ గంతులకేం గానీ, కాయితం ఇచ్చావా సూపర్‌వైజర్‌గారికి?"

"లేదండి. ఇవ్వను. ఉద్యోగం చేస్తాను. రేపట్నుంచి పొద్దున ఇరవై నిమిషాలు పావని దగ్గర కూర్చుంటాను. ఆ ఇరవై నిమిషాలూ అట్లు మీరు చూసుకోండి."

"అదేంటే? నిన్న అందరం అనుకున్నాం కదా!"

పంపు దగ్గర్నుంచి పావని తలెత్తింది. "అందులో అమ్మ చెయ్యి ఉందా నాన్నా?" అంది.

గణేష్‌బాబుకి కూతురి మాట అర్థం కాలేదు. సూర్యకళకి అయింది. తడి మోకాలితో లేచి నిలబడ్డ పిల్ల తల మీద చెయ్యి వేసి, మొగుడి మొహంలోకి చూసి, మామూలు గొంతుతోనే చెప్పింది.

"నా చెయ్యి లేకుండా వేసిన పంట చెల్లదండి. మళ్ళీ వెయ్యాలి."